వేలం ఆగకుండా అమ్మ గొంతు ఎక్కించాం

ముందు సంగతి చెప్పేస్తాను, వివరాలు తర్వాత. నా ఉద్యోగం ఖాయమైంది! ప్రొబేషన్ అనే మాట నా పేరు పక్కనుంచి ఎగిరిపోయింది. ఇకమీదట మా ఆఫీసులో నడుస్తున్న సర్వీసుల్ని మార్చి, కొత్తవాటిని క్లస్టర్‌లో ఎక్కించే పని నా చేతుల్లోనే ఉంటుంది. పక్కన కూర్చుని కాపలా కాసేవాళ్ళు అక్కర్లేదు.

ఈ మాట ఇంట్లో చెప్పాను, హాస్టల్లో చెప్పాను, రాప్తాడు నుంచి వచ్చే షేర్ ఆటోలో గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పూలామెకు కూడా చెప్పాను. "మంచిదే పాపా, ఏం పని అది?" అని అడిగిందామె. అనంతపురం వచ్చేదాకా చెప్తూనే ఉన్నాను. దిగేటప్పుడు ఇంత కనకాంబరాల దండ తుంచి నా చేతిలో పెట్టి, "నాకేం అర్తం గాలేదు గానీ, నీ మొగం చూస్తే శానా పెద్ద పనే అయ్యుంటాదిలే" అంది.

ఆమెకు సరిగ్గా చెప్పలేకపోయాను కదా, అందుకే ఇక్కడ మొదటినుంచీ చెప్తున్నాను.

మా ఆఫీసు డ్రిప్పు పైపుల అంగడి మీద మేడ. రెండు గదులు, నాలుగు టేబుళ్ళు, కింద అంగట్లోంచి ఎప్పుడూ వచ్చే కొత్త పైపుల వాసన. చీనీకాయల, అంటే బత్తాయిల మార్కెట్లో వేలం నడుస్తుంటే, ఏ కుప్ప ఏ ధర పలికిందో అప్పటికప్పుడు రైతుల ఫోన్లకు చేర్చే యాప్ మాది. రైతుకు కనిపించేది అరచేతిలో తెర. దాని వెనకాల ఎక్కడో కొన్ని కంప్యూటర్లు ఒక గుంపుగా కలిసి పనిచేస్తుంటాయి. ఆ గుంపునే క్లస్టర్ అంటాం. ధరలు చెప్పే మా ప్రోగ్రామ్ అందులో ఒంటరిగా నడవదు. ఒకేలాంటి నకళ్ళు కొన్ని పక్కపక్కన నడుస్తాయి. ఒక్కో నకలు తనకు కావలసిన సామానంతా సర్దుకుని ఒక పెట్టెలో కూర్చుంటుంది. ఆ పెట్టె పేరు కంటైనర్. రైతు ధర అడిగితే ఏ పెట్టెకు తీరిక ఉంటే ఆ పెట్టె చెప్తుంది.

ప్రోగ్రామ్‌లో ఏదైనా మార్చాలంటే కొత్త పెట్టెలు తయారుచేయాలి. ఒక కొత్త పెట్టె లేచి నిలబడితే ఒక పాత పెట్టెను దించాలి. తర్వాత ఇంకో కొత్తది, ఇంకో పాతది. అన్నీ మారేలోపల ఒక్క రైతుకు కూడా ధర ఆగకూడదు. మార్కెట్ మూశాక తీరిగ్గా మార్చుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు, మా నాయన కూడా అడిగాడు. చీనీ వేలం ముగిసే వేళకు ఇంకో ఊళ్ళో టమాటా వేలం మొదలవుతుంది, అది ముగిశాక వేరుశనగ. మా సర్వీసుకు ఆగే వేళంటూ లేదు.

మా టీమ్‌కు పెద్ద మా అక్క. సొంతక్క కాదు, గుంతకల్లు ఆమె. రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగింది, వాళ్ళ నాయన ఇంజన్లు మార్చే చోట పనిచేశాడు. అందుకే ఆమెకు ప్రపంచంలో ఏ పనైనా రైలు లెక్కలోనే అర్థమవుతుంది. చేరిన కొత్తలోనే నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"జంక్షన్‌లో బండి ఆగతాది. ఇంజన్ మారిపోతాది. లోపల కూర్చున్నోళ్ళు టీ తాగతానే ఉంటారు. వాళ్ళ గ్లాసులో టీ తొణకగూడదు. తొణికితే మనం పని చెడగొట్టినట్ల. తెలిసిందా?"

"తెలిసిందక్కా."

"తెలిసిందని అంత బిన్నా, ఆత్రంగా చెప్పద్దు మే. నీతో నాకదే భయం."

ఆ భయానికి కారణం ఉంది. అది నా ఒక్కదాని గుణం కాదు, మా వంశానిది.

మా ఊరు బెళుగుప్ప దగ్గర. వేరుశనగ వేసి వేసి విసిగిపోయి, నాయన కొంత చేను చీనీతోట చేశాడు. చీనీచెట్టుకు నీళ్ళు కావాలి, నీళ్ళకు బోరు కావాలి. మా ఊళ్ళో బోరు వేయడమంటే ఒక పెండ్లి. బోరు లారీ చేనులోకి దిగిందంటే చుట్టుపక్కల తోటలవాళ్ళంతా గట్టు మీద చేరతారు. తెల్ల దుమ్ము లేచినంతసేపు ఎవరూ మాట్లాడరు. దుమ్ము తడిసి బురదగా మారి, ఒక్కసారి నీళ్ళు చిమ్మాయంటే ఇక మా నాయనను పట్టలేం. తువ్వాలు తిప్పుతూ ఆ నీళ్ళలోకే దూకుతాడు. తలస్నానం అక్కడే. పొట్టేలు కొట్టిస్తానని ఊరందరికీ మాట ఇచ్చేది అక్కడే. ముందురోజు తెచ్చిపెట్టిన బొరుగులు, అంటే మరమరాలు, బెల్లం దోసిళ్ళతో పంచేస్తాడు.

అమ్మ మాత్రం సగం మూట కట్టి పక్కన పెట్టుకుంటుంది. "నీళ్ళు నిలబడనీ" అంటుంది.

మా నేలలో నీళ్ళు చిమ్మడం వేరు, నిలబడడం వేరు. పొద్దున ఎగిరి పడిన బోరు మధ్యాహ్నానికి బురద కక్కుతుంది. పొద్దు వాలేసరికి మోటారు వట్టి గాలి పీలుస్తుంది. నీళ్ళు నిలబడితే అమ్మ మూట విప్పి రెండోసారి పంచుతుంది. నిలబడకపోతే మరుసటి రోజు పొద్దున ఆ బొరుగులు నీళ్ళలో తడిసి, తిరగవాతలో పడి, ఉగ్గాని అయిపోతాయి. బయటివాళ్ళకు ఉగ్గాని, బజ్జీ అంటే నోరూరుతుంది. మా ఇంట్లో బోరు వేసిన మరుసటి రోజు ఉగ్గాని వాసన వచ్చిందంటే ఎవరూ ఎవరి మొహమూ చూడం. గమ్మున తిని బడికి పోతాం. నేను బడి ముగించేలోపల ఆ ఉగ్గాని బాగానే తిన్నాను.

అయినా నాయన మారలేదు. ప్రతి బోరుకూ మొదటి చుక్కకే ఎగిరేవాడు. నాలో ఉన్నది ఆయన రక్తమే. కాలేజీలో పరీక్ష రాసి బయటికి వస్తూనే ఫోన్ చేసి "నాయనా, పాస్!" అని చెప్పిన పిల్లను నేను.

ఇక గొంతు సంగతి. మా యాప్‌లో ధరలు అంకెల్లో వస్తాయి. నాయన అంకెలు చదవగలడు గానీ ఎండలో, ఆ చిన్న తెరమీద, కండ్లు చికిలించి చదివేలోపల ఇంకో కుప్ప వేలం అయిపోతుంది. ధరను పైకి చదివి వినిపిస్తే బాగుంటుందని ఆఫీసులో చెప్పాను. అక్క సరేనంది. మొదట ఒక మిషన్ గొంతు పెట్టి కొందరు రైతులకు వినిపించాం. ఒక పెద్దాయన ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చివరికి నా చేతికిచ్చి, "ఎవరమ్మా ఈ పిల్ల? అన్నం తినిందా లేదా?" అన్నాడు. ఆ గొంతులో అంత నీరసం.

"ఈడి మనిషి గొంతు కావల్ల" అంది అక్క. "ధర చెప్తే పక్కింటామె గోడ మీదనుంచి చెప్పినట్లుండాల. ఎవరన్నా ఉండారా?"

అమ్మ ఉంది. అమ్మ పిలిస్తే రెండు తోటల అవతల మేస్తున్న మేక కూడా తల తిప్పుతుంది.

వేరుశనగ మూటలు వేసిన గదిలో కూర్చోబెట్టి రికార్డు చేశాను. గోడల నిండా మూటలుంటే గొంతు మోగదు. నాయన తోటకు పోయే వేళ చూసుకుని చేశాం. ఆయనకు చెప్పొద్దని అమ్మ షరతు. చెప్తే ఊరంతా ముందే చాటుతాడని.

"కుప్ప... ధర... టన్ను... ఇట్లనా? ఊరికే అంకెలు చెప్పుకుంటా కూర్చుంటే ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు పాపా?"

"ఎవరూ చూడరు మా. చెప్పు."

పెద్ద ధరలు చెప్పేటప్పుడు అమ్మ గొంతు తిరునాళ్ళకు పోతున్నట్లుండేది. చిన్న ధరలకు వచ్చేసరికి దిగిపోయేది. ఒకచోట "అయ్యో" అని కూడా కలిపేసింది.

"అయ్యో అనద్దు మా. ధర ఒక్కటే చెప్పల్ల."

"అంత తక్కువకు అమ్ముకున్నోని బాధ నీకేం తెలుసు? అననీ."

ఆ 'అయ్యో'ను కత్తిరించాను. దిగిపోయిన గొంతును మాత్రం ఏమీ చేయలేకపోయాను. అక్క విని, "ఉండనీ మే, బాగుండాది" అంది.

అమ్మ గొంతు పెట్టెల్లో సర్దాను. కొత్త సర్వీసు సిద్ధం. అప్పుడు అక్క అసలు మాట చెప్పింది. "దీన్ని నువ్వే ఎక్కించల్ల. వేలం టైములోనే. నేను ఎదురుగా కూర్చుంటా, చెయ్యి పెట్టను. యాడా ధర ఆగకుండా ఎక్కిస్తివా, నీ ఉద్యోగం పర్మనెంట్ అని నేనే రాసి పంపిస్తా. ఆగిందా, ప్రొబేషన్ పొడిగిస్తారు. మళ్ళా నా పక్కన స్టూలేసుకుని కూర్చునేదే."

ఆ స్టూలు ఎట్లాంటిదో కూర్చున్న నాకే తెలుసు.

ఇంటికి ఫోన్ చేసి, అమ్మ గొంతు మాట దాచి, ఈ పరీక్ష సంగతి చెప్పానో లేదో, నాయన ఆ రోజుకే మా తోట కాయ కోతకు ఏర్పాటు చేశాడు. "నేను మార్కెట్లో ఉండల్ల. నా బిడ్డ పని చేసేది నేను చూడల్ల" అన్నాడు. చూడ్డానికి అక్కడేమీ ఉండదు నాయనా, నేనుండేది మేడ మీద అంటే వినలేదు. అమ్మ బొరుగులు, బెల్లం రెండు మూటలు కట్టి కాయల టెంపోలో పంపింది. ఒకటి నాయన వాటా, ఎప్పుడైనా విప్పుకోవచ్చు. రెండోదానికి తన పాత చీర అంచు చింపి గట్టిగా ముడి వేసింది. అది తన మాట లేకుండా విప్పకూడదు.

పొద్దున ఆఫీసులో అక్క తన టేబుల్ మీద గ్లాసు నిండా టీ పోయించి పెట్టింది. అంచు దాకా. తాగలేదు. ఏ సర్వీసు మార్చినా ఆమెకది అలవాటు. "ఇంక కానీయ్" అంది.

మార్కెట్లో వేలం మొదలైంది. నేను కొత్త పెట్టెలు ఎక్కించమని ఆదేశం ఇచ్చాను. తెరమీద మొదటి కొత్త పెట్టె పేరు కనిపించింది. లేస్తోంది... లేస్తోంది... లేచింది. పక్కన పచ్చ చుక్క వెలిగింది. ఒక పాత పెట్టె పక్కకు తప్పుకుంది. రెండో కొత్త పెట్టె. మళ్ళీ పచ్చ చుక్క. అప్పుడే ఫోన్ మోగింది. నాయన.

"పాపా! పక్కనోని ఫోన్ మాట్లాడతాండాది! నాది మాట్లాడలేదు, వానిది మాట్లాడతాండాది!"

"కొన్ని పెట్టెలే మారినాయి నాయనా. కొత్త పెట్టెకు తగిలినోళ్ళకు గొంతు వస్తాది. పాతదానికి తగిలినోళ్ళకు ఉత్త అంకెలే."

"ఉండు, ఉండు... పాపా, ఈ గొంతు..." నాయన ఆగిపోయాడు. చుట్టూ వేలంపాట అరుపులు వినిపిస్తున్నాయి. వాటి మధ్య నుంచి, ఎవరిదో ఫోన్లోంచి, అమ్మ. కుప్ప, ధర, టన్ను. తిరునాళ్ళకు పోతున్న గొంతు.

"ఇది మీ యమ్మ గదా!"

ఇక నేనూ ఆగలేదు. "ఔ నాయనా! అయిపోయింది! ఎక్కేసింది!" అన్నాను. అనడంతో ఊరుకున్నానా, ఆఫీసు గ్రూపులో 'విజయవంతంగా పూర్తయింది' అని రాసి, పక్కన చప్పట్ల బొమ్మలు కూడా పెట్టాను. ఇంకా సగం పాత పెట్టెలు మారనే లేదు. అక్క టీ గ్లాసు వైపు చూసి, నా వైపు చూసింది.

అవతల నాయన తన మూట విప్పేశాడు. కాయల కుప్పల మధ్య నిలబడి, వేలం పాడేవాళ్ళకు, హమాలీలకు, తెలిసినవాళ్ళకు, తెలియనివాళ్ళకు దోసిళ్ళతో బొరుగులు పోస్తూ, "నా బిడ్డ చేసినాది! ఆ గొంతు నా పెండ్లానిది!" అని చెప్పాడట. సరిగ్గా అప్పుడే మా పక్క తోట మామ టీ తాగి తిరిగొచ్చాడు. అమ్మకు తమ్ముడి వరస, అందుకే నాయనా ఆయనా ఒకరినొకరు బావా అనుకుంటారు. ఫోన్ నా చెవి దగ్గరే ఉంది కాబట్టి అంతా విన్నాను.

"ఏం బావా, బొరుగులేంది?"

"మీ యక్క గొంతు ఫోన్లో వస్తాండాది బావా! మార్కెట్ ధరలు చెప్తాండాది!"

"ఏదీ, వినిపించు."

పక్క ఫోన్లోంచి అమ్మ గొంతు రాలేదు.

"ఏదప్పా?"

"ఇంతకుముందే వచ్చె..."

"ఏం బావా, ఇంట్లో రోజూ వినేది చాలక ఈడ గూడా చెవుల్లో మోగతాండాదా? ఎండకు తువ్వాలు చుట్టుకో తలకు."

పక్కన ఎవరో నవ్వారు. బాగానే నవ్వారు.

నా తెరమీద మొదటి కొత్త పెట్టె పచ్చ చుక్క ఎర్రగా మారింది. పెట్టె పడిపోయింది. క్లస్టర్ దాన్ని మళ్ళీ లేపింది. లేచింది, కొంచెంసేపు మాట్లాడింది, మళ్ళీ పడింది. రెండోది కూడా. నాకు పైపుల వాసన కూడా తెలియడం మానేసింది.

"ఎందుకు పడతాండాది?" అంది అక్క. కుర్చీలోంచి లేవలేదు.

"తెల్దక్కా."

"చూడు."

చూశాను. ఒక్కో పెట్టెకు ఇంత మెమరీ అని ముందే గిరి గీసి ఉంచుతాం. అంతకు మించి వాడుకోబోతే క్లస్టర్ ఆ పెట్టెను పడేస్తుంది. పాత సర్వీసులో ఉత్త అంకెలే కాబట్టి ఆ గిరి సరిపోయింది. గొంతు సామాను ఎక్కువ. ఒకరిద్దరు వింటే ఏమీ కాదు. మార్కెట్లో జనమంతా ఒకరి ఫోన్ చూసి ఒకరు వినడం మొదలుపెట్టేసరికి గిరి దాటింది. దానికి తోడు నేను ఇంకో పని చేశాను. పెట్టె లేచి ఒక్కసారి 'ఉన్నాను' అంటే చాలు, అది నిలబడినట్లే లెక్క అని రాసిపెట్టాను. అంటే మొదటి చుక్క చిమ్మగానే తువ్వాలు తిప్పడమే. బోరు గట్టున నాయన చేసేదే, నేను కంప్యూటర్‌లో రాశాను.

"పాతదానికి తిప్పేయ్" అంది అక్క.

ఒక్క ఆదేశం. కొత్త పెట్టెలు దిగిపోయాయి, పాత పెట్టెలు మళ్ళీ లేచి తమ చోట నిలబడ్డాయి. గ్రూపులో చప్పట్ల బొమ్మలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటి కింద ఒకరిద్దరు అభినందనలు కూడా పెట్టేశారు.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి అమ్మ.

"ఏమే, మీ నాయన ఫోన్ చేసి నా మీద అరిచె. చెప్పకుండా దాచిపెడితివని అరిచె, ఇప్పుడు గొంతు రాలేదని అరిచె. ఏమయింది?"

"నిలబడలేదు మా."

అమ్మ "నా మూట విప్పలేదు గదా ఆయప్ప?" అంది.

"లేదు మా."

"అట్లనే ఇంటికి తెమ్మను. రేపు పొద్దున ఉగ్గాని చేస్తా."

ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది, అదే ఊపిరిలో నవ్వు కూడా వచ్చింది. ఫోన్ పెట్టేసి అక్క ముందు నిలబడ్డాను. "స్టూలు తెచ్చుకునేదా అక్కా?" అన్నాను.

"ముందు ఇది చెప్పు. ధర ఎవరికి ఆగింది?"

వెళ్ళి చూశాను. మార్కెట్లో పలికిన ప్రతి కుప్ప ధరా ప్రతి ఫోన్‌కూ చేరింది. కొత్త పెట్టెలు పడిన క్షణాల్లో పాత పెట్టెలు ఆ పని తమ మీద వేసుకున్నాయి. గొంతు ఆగింది, ధర ఆగలేదు. చెప్పాను.

అక్క టీ గ్లాసు చూపించింది. అంచు దాకా టీ. మీద మీగడ కట్టింది గానీ చుక్క కూడా బయటికి రాలేదు.

"ఇంజన్ తగిలించినావు, ఊడినాది. ప్యాసింజర్లకు తెలీలేదు. బండి ఇంకా ప్లాట్‌ఫారం మీదనే ఉండాది. వేలం గూడా అయిపోలేదు. సరిచేసుకో పో."

కూర్చున్నాను. మెమరీ గిరి పెంచాను. నేను రాసిన లెక్కను కొట్టేసి కొత్తది రాశాను. పెట్టె 'ఉన్నాను' అంటే చాలదు. నిజంగా ఒక ధరను గొంతులో చెప్పి చూపించాలి, చెప్పి కాసేపు పడకుండా ఉండాలి. అప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి, అప్పుడే పాత పెట్టె దిగాలి. ఆఫీసు కంప్యూటర్‌లో ఒక పెట్టెను లేపి, మార్కెట్లో జనం అడిగినంతగా అడిగించి చూశాను. పడలేదు. ఇంకా గట్టిగా అడిగించాను. పడలేదు. అక్క వైపు చూశాను. ఆమె కిటికీలోంచి రోడ్డు చూస్తోంది, కావాలనే.

ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి డ్రాయర్లో పడేశాను. రెండోసారి ఆదేశం ఇచ్చాను.

మొదటి కొత్త పెట్టె లేచింది. పచ్చ చుక్క రాలేదు. ధర చెప్పి చూపిస్తోంది. కాసేపటికి పచ్చ చుక్క వచ్చింది. నా నోరు తెరుచుకోబోయింది, చున్నీ అంచు కొరికి పట్టుకున్నాను. పాతది ఒకటి దిగింది. ఇంకో కొత్తది. ఇంకో పాతది. డ్రాయర్లో ఫోన్ అదురుతోంది. తీయలేదు. అంత సంతోషాన్ని నోట్లో పెట్టుకుని మింగకుండా, ఉమ్మకుండా కూర్చోవడం నా జీవితంలో అదే మొదటిసారి. అన్ని పెట్టెలూ మారాయి. ఆఖరి పాత పెట్టె దిగిపోయింది. అయినా నేను గ్రూపులో ఏమీ రాయలేదు. చుక్కల్నే చూస్తూ కూర్చున్నాను.

అక్క నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడింది. "ఫోన్ ఎత్తు మే" అంది. "మీ నాయన పాపం, డ్రాయర్ ఇరగ్గొట్టేటట్లుండాడు."

ఎత్తాను. మొదట నాయన వినపడలేదు. మార్కెట్ వినపడింది. ఒక చోటునుంచి కాదు, నాలుగు పక్కలనుంచి అమ్మ. ఒక ఫోన్లో 'కుప్ప', ఇంకో ఫోన్లో 'ధర', మూడో ఫోన్లో 'టన్ను', ఒకదాని వెనక ఒకటి. అమ్మ తనకు తానే బదులిస్తున్నట్లు. వేలం పాడే ఆయన విసుక్కుంటున్నాడు: "కాస్త ఆ యమ్మను ఆపండప్పా, నా పాట నాకే వినపడలేదు!"

"పాపా!" నాయన గొంతు బొంగురుపోయింది. "అందరివీ మాట్లాడతాండాయి! మీ మామ ఫోన్ గూడా! వాడేం చేసినాడో తెల్సునా? ఫోన్లో మీ యమ్మ గొంతు వచ్చేసరికి ఉలిక్కిపడి 'ఆ అక్కా, చెప్పక్కా' అని బదులిచ్చినాడు!"

వెనకనుంచి మామ అరిచాడు. "పక్కనే పిలిచినట్లుంటే పలకరా ఏంది! బావా, ఈమె తక్కువ ధర చెప్పేటప్పుడు సావింటికి వచ్చినట్ల చెప్తాండాదే. నా కుప్పకు అట్లే చెప్పె. ఎవరో నా భుజం మీద చెయ్యేసినట్లుండె."

"పాపా, మూట విప్పేదా?" నాయన గుసగుసగా అడిగాడు. అంత పెద్ద మార్కెట్లో గుసగుస. "ముడి మీద చెయ్యేసుకోనుండా."

"వద్దు నాయనా. వేలం అయిపోనీ."

అటువైపు నాయన ఊపిరి పీల్చుకోవడం వినపడింది. నేను ఈ మాట అంటానని ఆయన అనుకోలేదు. నేనూ అనుకోలేదు. "సరేలే. ఉండనీ" అన్నాడు.

వేలం ముగిసే ముందు మా కుప్ప వచ్చింది. ఆ ధరను నేను తెరమీద చూడలేదు. ఫోన్ స్పీకర్ పెట్టాను. అమ్మ చెప్పింది. తిరునాళ్ళ గొంతు. అక్క విని, "మీ యమ్మ సంబరపడతాండాది చూడు" అంది. ఎప్పుడో వేరుశనగ మూటల మధ్య కూర్చుని చెప్పిన అంకెలవి. తన తోట కాయకే ఆ అంకెలు వస్తాయని ఆ రోజు అమ్మకు తెలియదు.

మార్కెట్ ఖాళీ అయ్యాక నాయన మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. మొదటిసారి రావడం. తువ్వాలుకు చీనీ ఆకులు అంటుకుని ఉన్నాయి, చేతిలో ముడి విప్పని మూట. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, గది చుట్టూ చూసి, "యాడమ్మా ఆ పెట్టెలు?" అన్నాడు. తెర చూపించాను. వరసగా పచ్చ చుక్కలు. వాటిని చాలాసేపు చూశాడు. "ఏదీ పడిపోలేదు గదా?" అని మెల్లగా అడిగాడు.

"పడలేదు నాయనా. టమాటా వేలం గూడా మొదలయింది. ఆడ గూడా అమ్మే చెప్తాండాది."

అక్క ల్యాప్‌టాప్‌లో ఏదో రాసి ముగించి, నా వైపు తిప్పింది. నా ఉద్యోగం ఖాయం చేయమని, ఇకమీదట సర్వీసులు ఎక్కించే పని నాకే అప్పగించమని. పంపే మీట నొక్కే ముందు నన్ను అడిగింది: "గ్రూపులో పొద్దున పెట్టిన చప్పట్లు తీసేస్తావా, ఉంచుతావా?"

"ఉంచుతా అక్కా. ఇప్పుడు అవి నిజమే గదా."

"నీ తీరు నీదే మే" అని నవ్వి, మీట నొక్కింది.

నాయన ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. "మే, విప్పేదా?"

"పాపకు ఇయ్యి ఫోను" అంది అమ్మ. ఈసారి అసలు అమ్మ, ఇంటినుంచి. వెనకాల గేదె అరుస్తోంది. "పాపా, నిలబడినాయా?"

"నిలబడినాయి మా."

"నువ్వు చెప్పేది కాదు. ఆ గుంతకల్లు పాపను చెప్పమను."

అక్క ఫోన్ దగ్గరికి వంగింది. "నిలబడినాయమ్మా. నేను చూసినా."

"అట్లయితే విప్పు. ఆయప్పకు ఎక్కువ పెట్టద్దు, పొద్దునే తిన్నాడు."

నాయన పళ్ళతో ముడి లాగాడు. మేం ముగ్గురం, కింద పైపుల అంగడి వాళ్ళు, అటుగా వచ్చిన కరెంటు మీటరు చూసే ఆయన, అందరం దోసిళ్ళు పట్టాం. పొడి బొరుగులు, నల్ల బెల్లం, మధ్యలో వేయించిన పప్పులు. అక్క టేబుల్ మీది చల్లారిన టీ తీసి ఒక్క గుక్కలో తాగేసి, ఖాళీ గ్లాసు నా ముందు పెట్టింది. అందులో కూడా బొరుగులు పోసుకున్నాను.

ఈ పొద్దు మళ్ళీ షేర్ ఆటోలో పూలామె కనబడింది. కాగితంలో పొట్లం కట్టిన బొరుగులు, బెల్లం ఆమె చేతిలో పెట్టాను. నా ఫోన్ తీసి ధర వినిపించాను. గంప పక్కకు జరిపి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"ఎవరమ్మా ఈమె? మా ఊరి మనిషి మాట్లాడినట్లుండాదే."

"మా యమ్మ" అన్నాను. అనంతపురం వచ్చేదాకా ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది.